పత్తిగింజయు ప్రపంచ విపణియు

ప్రపంచీకరణమను మాట మన వాడుకలోనికి వచ్చి మూడు దశాబ్దములు దాటినది. దాని యర్థమేమని యడిగినచో మనలో పలువురు ఓడరేవులను, విమానాశ్రయములను, మహానగరములలోని అద్దపు మేడలను చూపుదురు. దాని నిజస్వరూపమును చూడగోరువారు అంత దూరము పోనక్కరలేదు. నాగర్‌కర్నూలు జిల్లా కోడేరు మండలమున, మృగశిర కార్తె వానకు పదునెక్కిన చెలకలో రైతు విత్తుచున్న పత్తిగింజను చూచిన చాలును.

ఆ రైతు అంగడిలో కొని తెచ్చిన విత్తనపు పొట్లము అర కిలోకైనను తూగదు. దానిలోని గింజ జాతి మధ్య అమెరికాలో పుట్టినది. పురుగును చంపు గుణము ఒకానొక మట్టి సూక్ష్మజీవినుండి గ్రహింపబడి, అమెరికా సంస్థ ప్రయోగశాలలో దానికి చేర్పబడినది. ఆ గింజను తయారుచేసినవి గద్వాల ప్రాంతపు కూలివారి చేతులు కావచ్చును. పండిన పత్తిలోని దూది కోయంబత్తూరు మిల్లుకు పోవచ్చును, బంగ్లాదేశమునకును పోవచ్చును. దాని ధరను మాత్రము కోడేరు గాని, కోయంబత్తూరు గాని నిర్ణయింపజాలవు. ఈ గింజ నడచిన దారిని వెంబడించి, ఆ దారిలో మనకు కలిగిన లాభమేమి, నష్టమేమి, మన చేతిలో మిగిలినదేమి యని విచారించుట యీ ప్రసంగమున మా యుద్దేశము.

దూరదేశములతో ఇచ్చిపుచ్చుకొనుట మనకు క్రొత్త కాదు. పాలమూరు చెలకలలో విరివిగా పండు వేరుసెనగ దక్షిణ అమెరికానుండి వచ్చినది. మన యింట నిత్యము నూరు మిరపకాయయు అమెరికా ఖండములనుండియే వచ్చినది. ఇక్కడి ఆముదపు గింజలు ఎంతో కాలముగ విదేశములకు పోవుచున్నవి. పత్తి విషయమున మనమే ప్రపంచమునకు గురువులము. సింధు నాగరికత నాటికే మనవారు నూలు వడకిరి. గుంటూరు, కృష్ణా మండలముల ఎఱ్ఱ పత్తి కాకినాడ రేవునుండి ఎగుమతి యగుటచే ఆంగ్ల వర్తకుల లెక్కలలో ‘కోకనాడ’ యను పేర చెల్లుబడి యైనది.

దూరపు విపణి తెచ్చు లాభమును, అపాయమును కూడ మన పూర్వులు చవిచూచిరి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము మొదలై, అక్కడి దక్షిణ రాష్ట్రముల పత్తి ఇంగ్లండు మిల్లులకు అందకపోయెను. మిల్లుల యజమానులు భారతదేశమువైపు చూచిరి. ఇక్కడ పత్తి ధర ఆకాశమునంటెను. పలు మండలములలో రైతులు తిండిగింజలను తగ్గించి పత్తి వేసిరి. 1865లో యుద్ధము ముగిసెను. ధర కూలెను. బొంబాయి వర్తకులు పలువురు దివాలా తీసిరి. అప్పుచేసి పత్తి వేసిన రైతునకు అప్పు మిగిలెను. ఎక్కడనో జరిగిన యుద్ధము మన పల్లెలో పంటను మార్చుటయు, ఎక్కడనో కుదిరిన సంధి మన పల్లెలో అప్పును పెంచుటయు నాటినుండియు ఉన్నవే.

అయినచో నేటి ప్రపంచీకరణములో క్రొత్త యేమి? పూర్వము ధర మాత్రమే పైనుండి వచ్చుచుండెను. విత్తనము, ఎరువు, పశువు, పనిముట్టు రైతు యింటివి. నేడు విత్తనము కూడ పైనుండియే వచ్చుచున్నది. ఈ మార్పు ఒక్కనాట జరుగలేదు. 1970లో సూరతులో సి.టి.పటేలుగారు ‘హెచ్-4’ అను సంకర పత్తిని రూపొందించిరి; వ్యాపారస్థాయిలో సాగైన సంకర పత్తులలో ప్రపంచమున అదియే మొదటిది. సంకర విత్తనము మొదటి పంటలో మంచి దిగుబడి నిచ్చును. ఆ పంటనుండి తీసిన గింజను మరల విత్తినచో మొక్కలు ఒక్క తీరున రావు. కావున ఏటేట క్రొత్త విత్తనము కొనవలసినదే. 1988 నాటి విత్తన విధానము ప్రైవేటు సంస్థలకు, విదేశీ విత్తనములకు ద్వారము తెరచినది. 1991లో ఆర్థిక సంస్కరణలు మొదలైనవి. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ వెలసి, వ్యవసాయమును, మేధాసంపత్తి హక్కులను కూడ వర్తక ఒడంబడికల పరిధిలోనికి తెచ్చినది. గాదెలోని గింజ ఇట్లు అంగడిలోని సరకైనది.

2002 మార్చిలో బీటీ పత్తికి మన దేశమున అనుమతి లభించినది. ‘బాసిల్లస్ తురింజియెన్సిస్’ అను సూక్ష్మజీవి నేలలో సహజముగ ఉండును. దాని జన్యువును పత్తిలో చేర్చినచో మొక్క తానే ఒక మాంసకృత్తును తయారుచేయును. కాయతొలుచు పురుగు ఆకును గాని, కాయను గాని కొఱికినప్పుడు ఆ పదార్థము దాని ప్రేగులలో కరగి, ప్రేగు గోడను చిల్లులు చేసి చంపును. మనుష్యుల జీర్ణకోశమున అట్టి పరిస్థితులు లేవు గనుక మనకు ఆ హాని లేదని శాస్త్రజ్ఞుల వివరణ. అంతకుముందు తెలుగునాట పత్తిరైతును కాయతొలుచు పురుగు ఎంతగా పీడించెనో, మందుల అప్పు ఎన్ని యిండ్లను చీకటి చేసెనో వరంగల్లు, గుంటూరు ప్రాంతములవారు ఎఱుగుదురు. కావుననే రైతులు ఈ గింజను ఆశతో స్వీకరించిరి.

గింజతోపాటు దాని వెల కూడ వచ్చినది. 450 గ్రాముల పొట్లము 1,600 రూపాయలకు పైగా అమ్మబడెను. అందులో పెద్దభాగము జన్యువుపై హక్కుగల సంస్థకు చెల్లు రుసుము. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2006లో గుత్తాధిపత్య నియంత్రణ సంఘము నాశ్రయించెను. ఆ సంవత్సరమే పొట్లము వెల 750 రూపాయలకు దిగెను. 2015లో కేంద్రప్రభుత్వము పత్తి విత్తనముల వెలను తన యదుపులోనికి తీసికొనగా, జన్యు రుసుము క్రమముగ తగ్గి 2020లో పూర్తిగ తొలగినది. హక్కుదారైన అమెరికా సంస్థను 2018లో జర్మనీ దేశపు సంస్థ యొకటి కొనివేసెను. కోడేరు రైతునకు ఈ చేతుల మార్పిడి తెలియకపోవచ్చును. కాని గట్టిగ నిలచిన ప్రభుత్వము అంతర్జాతీయ సంస్థతో కూడ బేరమాడగలదని ఈ వృత్తాంతము తెలుపుచున్నది. ప్రపంచీకరణమన్నంత మాత్రమున చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు.

ఇక గద్వాలకు పోవుదము. జరీ చీరెలకు పేరుపొందిన ఈ పట్టణము పరిసరములు నేడు సంకర పత్తి విత్తనోత్పత్తికి దేశమున ముఖ్యకేంద్రములలో ఒకటి. సంకర విత్తనము యంత్రములో తయారగునది కాదు. ఆడ మొక్కల వరుసలు కొన్ని, మగ మొక్కల వరుసలు కొన్ని వేయుదురు. మరునాడు విచ్చబోవు మొగ్గను సాయంకాలము గుర్తించి, గోటితో రేకులను, పుప్పొడి తిత్తులను గిల్లివేయుదురు. మరునాటి ఉదయము మగపువ్వును తెచ్చి దాని పుప్పొడిని ఆ మొగ్గ కీలాగ్రమునకు రాయుదురు. ఒక్కొక్క మొగ్గకు రెండుమారులు చేయి తగులవలెను. ఈ పని నెలల తరబడి ఎడతెగక సాగును. ‘క్రాసింగు’ అని ఇక్కడివారు చెప్పు ఈ పనిలో ఎక్కువగా పాల్గొనునది స్త్రీలు.

ఒకప్పుడు ఈ పని పెక్కుచోట్ల బాలికల చేతులమీదుగ సాగెను. బడిలో ఉండవలసిన పిల్లలు పొలములో ఉండిరి. 2000 తరువాతి సంవత్సరములలో డాక్టరు దావులూరి వెంకటేశ్వర్లు మున్నగు పరిశోధకులు ఈ సంగతిని లెక్కలతో వెల్లడించిరి. విత్తన సంస్థలు బహుళజాతివి గనుక ఐరోపాలోని పౌరసంఘములు వాటిని నిలదీసినవి. సంస్థలు ఒప్పందములలో పిల్లల పనిని నిషేధించు నిబంధనలను చేర్చవలసి వచ్చినది. విపణి ఎంత దూరము పోవునో ప్రశ్న కూడ అంత దూరము పోగలదని దీనివలన తేలుచున్నది. అయితే నిబంధన వ్రాసినంతనే చాలదు. కూలి గిట్టుబాటు కానిచోట పిల్లల చేయి మరల పొలములోనికి వచ్చుచునే యుండును. ఈ విషయమున ఊరివారి కన్ను మూతపడరాదు.

విత్తన రైతు కష్టమును కూడ తెలిసికొనవలెను. సంస్థ మూల విత్తనము నిచ్చును. ‘ఆర్గనైజరు’ అను మధ్యవర్తి పెట్టుబడికి అప్పు నిచ్చును. పండిన విత్తనములో కలగలుపు ఉన్నదా యని తెలిసికొనుటకు కొన్ని గింజలను మొలిపించి పరీక్షింతురు. ‘జీఓటీ’ యని రైతులు చెప్పునది ఇదియే. పరీక్షలో నెగ్గనిచో సంస్థ ఆ విత్తనమును కొనదు. వానలో పుప్పొడి చెడినను, మూల విత్తనములోనే లోపమున్నను, నష్టము మొదట పడునది రైతుమీదనే. పెద్ద సంస్థలు పంటను తాము పండింపక పండించువారితో ఒప్పందము చేసికొనుట ప్రపంచీకరణమునకు ముఖ్యలక్షణము. అందుచే లాభము పైకి పోవును. ప్రకృతివలని యపాయము మాత్రము క్రిందనే ఆగును. ఒప్పందము నోటిమాటగ గాక తెలుగులో వ్రాతమూలకముగ నుండి, పరీక్షా ఫలితమును రైతు ప్రశ్నింపగల వీలున్నప్పుడే ఆ బరువు కొంత సమమగును.

లాభమును చెప్పక నష్టమునే చెప్పుట న్యాయము కాదు. 2002 నాటికి మన దేశమున హెక్టారునకు దూది దిగుబడి 300 కిలోల ప్రాంతమున ఉండెను. 2007-08 నాటికి 550 కిలోలకు చేరెను. ఇందులో బీటీకి తోడు క్రొత్త సంకరములకు, నీటివసతికి, మంచి వానలకు కూడ భాగమున్నది. పత్తిని దిగుమతి చేసికొనిన దేశము ప్రపంచములోని పెద్ద ఎగుమతిదారులలో ఒకటి అయినది. మొదటి సంవత్సరములలో కాయతొలుచు పురుగుపై మందుల వాడుక తగ్గెను. తెలంగాణమున నేడు ఏటేట 40 లక్షల ఎకరములకు మించి పత్తి సాగగుచున్నది. జొన్నకు, ఆముదమునకు పేరుగన్న పాలమూరులో పత్తి వేసిన యింటికి రొక్కము వచ్చినది. ఆ రొక్కముతో పిల్లల చదువులు సాగినవి.

అయితే ఆ దిగుబడి అక్కడ నిలువలేదు. కొలది కాలమునకే తగ్గుముఖము పట్టి, ఇటీవల 450 కిలోల చుట్టుప్రక్కల తిరుగాడుచున్నది. ప్రపంచపు సగటు 750 కిలోల పైమాట. ప్రపంచమున పత్తి వేయు భూమిలో మూడవ వంతునకు పైగా మనదే యైనను, దిగుబడిలో మనము వెనుకబడియున్నాము. దీనికి కారణములలో ముఖ్యమైనది ప్రకృతియే చెప్పిన పాఠము.

పురుగు కూడ జీవియే; అది నేర్చుకొనును. లక్షల పురుగులలో ఏదో యొకటి బీటీ విషమును తట్టుకొనును. అట్టి రెండు పురుగులు జతకూడినచో వాటి సంతతి యంతయు తట్టుకొనును. దీనిని ఆపుటకు శాస్త్రజ్ఞులు చేసిన యేర్పాటు సులభమైనది: చేను చుట్టు కొన్ని వరుసలు సాధారణ పత్తిని వేయవలెను. ఆ వరుసలలో బ్రదికిన మామూలు పురుగులు, విషము తట్టుకొనిన పురుగులతో జతకూడగా, ఆ గుణము పలుచబడును. ఈ నిమిత్తము బీటీ పొట్లముతోపాటు 120 గ్రాముల సాధారణ గింజల చిన్న పొట్లము నిచ్చిరి. పురుగును పెంచుటకు పత్తి వేయుట యేమని పెక్కుమంది ఆ చిన్న పొట్లమును గట్టున పారవేసిరి. ఎందుకు వేయవలెనో వారికి తెలియజెప్పినవారు తక్కువ. గులాబిరంగు పురుగు మొదట ఒక జన్యువును, 2014 తరువాత రెండు జన్యువులు గల విత్తనమును కూడ జయించెను. ఇప్పుడు సాధారణ గింజలను నూటికి 5 మొదలు 10 పాళ్ల వరకు అదే పొట్లములో కలిపి యిచ్చుచున్నారు. పోయిన బలము మాత్రము తిరిగి రాలేదు. కాయ పైకి నిగనిగలాడుచుండగనే లోపలి దూది గుడ్డివగుచున్నది. తెల్లదోమ, పచ్చదోమలకై మందులు మరల చల్లవలసి వచ్చుచున్నది.

నేల మాట కూడ చెప్పవలెను. పత్తికి తగినది తేమ నిలుపుకొను నల్లరేగడి. కోడేరు ప్రాంతమున ఎఱ్ఱచెలకలు విస్తారముగ ఉన్నవి. వాన సాలుకు సగటున ఆరేడు వందల మిల్లీమీటర్ల ప్రాంతమున ఉండును. చెలకలో వాన పది పదునైదు దినములు ముఖము చాటుచేసినచో పత్తి వాడును. పూర్వము జొన్నలో కందియు, ఆముదములో కందియు కలిపి చల్లుచుండిరి. ఒకటి పోయినను ఒకటి నిలిచెడిది. కంది ఆకు రాలి నేలకు సారమిచ్చెడిది. జొన్న చొప్ప పశువునకు మేత అయ్యెడిది. పత్తి కట్టె పశువు ముట్టదు. మేత తరిగిన యింట పశువు తరిగినది, పశువు తరిగిన చేనికి పెంటయెరువు తరిగినది. దాని స్థానమున బస్తా యెరువు వచ్చినది. అందులోని భాస్వరము, పొటాషు చాలవరకు దిగుమతి సరకులే. ఇట్లు ఒక పంట మారుటతో చేనికిని ఇంటికిని గల కట్టు వదలి, చేనికిని రేవుపట్టణమునకును కట్టు బిగిసినది.

ఇక ధర విషయము. క్వింటాలు పత్తిని జిన్నింగు మిల్లులో ఆడించినచో సుమారు 34 కిలోల దూది వచ్చును. మిగిలినది చాలవరకు గింజ. 34 కిలోలనగా 75 పౌనులు. ప్రపంచ విపణిలో దూది ధరను పౌనుకు ఇన్ని సెంట్లని చెప్పుదురు. దానికి న్యూయార్కు విపణి దారిచూపును. అక్కడ పౌనుకు 10 సెంట్లు తగ్గినచో క్వింటాలు పత్తిపై ఏడున్నర డాలర్లు తగ్గినట్లు. డాలరునకు 85 రూపాయల చొప్పున లెక్కించినచో ఇంచుమించు 640 రూపాయలు. పది క్వింటాళ్లు అమ్ము రైతునకు 6,400 రూపాయలు. అతడు చేసిన తప్పేమియు లేదు. బ్రెజిలులో పంట బాగుగ పండియుండవచ్చును, చైనా కొనుగోలు తగ్గించియుండవచ్చును.

ఈ విపణిలో అందరు సమానముగ పోటీపడుచున్నారా యనిన, లేదు. అమెరికా తన పత్తి రైతులకు పెద్దయెత్తున సహాయధనము నిచ్చుటచే అక్కడి దూది ప్రపంచ విపణిలో చౌకయై, పేదదేశముల రైతుల ధరను దిగలాగుచున్నదని 2002లో బ్రెజిలు ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేసి గెలిచినది. 2014లో అమెరికా 30 కోట్ల డాలర్లు చెల్లించి రాజీపడినది. 2003లో బెనిన్, బుర్కినా ఫాసో, చాడ్, మాలి యను నాలుగు ఆఫ్రికా దేశములు ఇదే మొర పెట్టుకొన్నవి. మాలి రైతును కోడేరు రైతు ఎన్నడును చూడలేదు. కాని యిద్దరి గోడు ఒకటియే.

ఇటీవలి సంగతిని ఒకదానిని చూడుడు. 2021లో మన ప్రభుత్వము విదేశపు దూదిపై నూటికి 11 చొప్పున సుంకము విధించినది. అది స్వదేశపు రైతునకు కొంత రక్షణ. 2025 ఆగస్టులో అమెరికా మన సరకులపై సుంకమును నూటికి 50కి పెంచెను. వస్త్రముల ఎగుమతికి దెబ్బ తగిలెను. మిల్లులకు దూది చౌకగ లభింపవలెనని మన ప్రభుత్వము ఆగస్టు 19 మొదలు డిసెంబరు నెలాఖరు వరకు దూది దిగుమతి సుంకమును ఎత్తివేసెను. సరిగ ఆ నెలలలోనే తెలంగాణములో పత్తి ఇంటికి వచ్చును. ఒక దేశాధ్యక్షుని నిర్ణయము తిరుప్పూరు దర్జీకి తగిలి, అటనుండి తిరిగి పాలమూరు చెలకకు తగిలినది. దర్జీ పని పోరాదు, రైతు ధర పోరాదు. ఈ రెంటిని సరిచూచుటయే పరిపాలకుల పని.

అట్టి సమయమున రైతునకు మిగిలిన అండ కనీస మద్దతు ధర. 2025-26కు పొడవు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయలు, మధ్యరకమునకు 7,710 రూపాయలు నిర్ణయించిరి. 1970లో ఏర్పడిన భారత పత్తి సంస్థ ఈ ధరకు కొనును. కాని తేమ నూటికి 8 పాళ్లకు మించినకొలది ధర తగ్గును, 12 మించినచో కొనరు. 2025లో చేతిఫోనులో ‘కపాస్ కిసాన్’ అను యేర్పాటు ద్వారా ముందుగ పేరు నమోదు చేసికొనవలెనని విధించిరి. ఫోనులేని యింటికి, సొంత పట్టాలేని కౌలుదారునకు ఈ అండ అందుట కష్టము. పత్తిని ఎండబెట్టుటకు నేల, దాచుటకు కొట్టము లేనివాడు తడి సరకును తక్కువకు వదలుకొనును. అభివృద్ధి యనునది పెద్ద రహదారులలో మాత్రమే కాక ఊరి కల్లములోను, గిడ్డంగిలోను కూడ కనబడవలెను.

పాలమూరు కూలివారు దేశమున పెక్కు ఆనకట్టలకు రాళ్లు మోసిరి. మేస్త్రీ వెంట బొంబాయికి, పూనాకు వలసపోయిరి. విపణిలో సరకు పోవుటకు ముందే ఇక్కడి మనుష్యులు పోయిరి. శ్రీశైలము జలాశయపు వెనుక నీటిని కొల్లాపురము చేరువ ఎల్లూరునుండి మూడు మెట్లుగ ఎత్తిపోయు కల్వకుర్తి పథకము ఈ ప్రాంతమునకు నీటిని తెచ్చినది. నీరు వచ్చినచోట రైతునకు ఎన్నుకొనుటకు వీలుండును. ఒక్క పంటపై బ్రదుకును ఒడ్డవలసిన యవసరము తగ్గును. ఆ వీలును కూడ ఒక్క పంటకే ధారపోసినచో నీరు వచ్చియు ప్రయోజనము సగమే.

అయినచో ఏమి చేయవలెను? పత్తిని విడువుమని మేము చెప్పము; రొక్కము కావలసిన యింటికి అది తప్పదు. కాని చెలకలో పత్తి వేయువారు నాలుగైదు సాళ్లకొక సాలు కంది వేయుట మేలు. ఇంటి తిండికి జొన్న, పశువునకు చొప్ప దొరకునంత నేలను వేరుగ ఉంచుకొనుట మేలు. డిసెంబరు తరువాత పత్తిని చేనిలో ఉంచక, కట్టెను పెరికివేసినచో గులాబిరంగు పురుగునకు ఆశ్రయము పోవును. ఒక్కరు చేసిన చాలదు, ఊరంతయు చేయవలెను. విత్తనము కొనినప్పుడు బిల్లును, పొట్లమును పంట ముగియువరకు దాచుకొనవలెను. విత్తనము చెడినప్పుడు ఆ చీటియే సాక్షి. పదిమంది రైతులు కలిసి ఎండబెట్టి, కలిసి బండి కట్టినచో తూకమునందును, ధరయందును తేడా కనబడును.

వాన ఎట్లు మన చేతిలో లేదో ప్రపంచ విపణియు అట్లే మన చేతిలో లేదు. అయినను వానను నమ్మిన మన పెద్దలు చెఱువు కట్టిరి, గట్టు వేసిరి, గాదెలో గింజను దాచిరి. విపణిని నమ్మునప్పుడును అట్టి కట్టలు కావలెను. మద్దతు ధర ఒక కట్ట, సహకారము ఒక కట్ట, వ్రాతమూలకమైన ఒప్పందము ఒక కట్ట, ఇంటి తిండిగింజ ఒక కట్ట. ఈ కట్టలు బలముగ నున్నంత కాలము ప్రపంచమునుండి వచ్చు ప్రవాహము చేనికి నీరగును. అవి తెగినచో అదియే వరద యగును.